కుక్కపిల్ల బుజ్జిగాడి ముక్కు గురించి

బంగారం,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదే. "అమ్మా వీడి ముక్కు ఎండిపోయింది, జ్వరమేమో" అని నువ్వు ఏడుపు గొంతుతో అంటుంటే లేచి అక్కడికి వచ్చేద్దామా అనిపించింది. ఆ కంగారులో ఏదో చెప్పాను, సగం మర్చిపోయాను, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

ముందు ఇది చెప్పు, నువ్వు ముట్టుకున్నప్పుడు వాడు అప్పుడే నిద్ర లేచాడా? ముక్కు తడిగా ఎందుకుంటుందంటే లోపల కొంచెం పల్చటి జిగురు ఊరుతుంది, పైనుంచి వాడే మాటిమాటికీ నాక్కుంటాడు, ఆ చెమ్మకి వాసనలు అంటుకుంటేనే వాడికి బాగా తెలుస్తాయి. నిద్రలో నాక్కోడు కదా, ఆరిపోద్ది. రేపు గమనించు, లేచి ఒళ్లు విరుచుకుని ఆవలించాక ఆ చిన్న నాలుక పైకి మడిచి ముక్కుని ఒక్కసారి తుడిచేస్తాడు, కాసేపటికి మళ్లీ నల్లగా నిగనిగలాడుద్ది. ఏసీ గాలికి ఎదురుగా, హీటర్ పక్కన, ఎండలో పడుకున్నా ఇలాగే ఆరుద్ది, ఆటలో పడి నీళ్లు తాగకపోయినా అంతే.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. నీకు మూడేళ్లప్పుడు మనింట్లో ఒక కుక్కపిల్ల ఉండేది, టామీ, నీకు గుర్తుండకపోవచ్చు. వాడు ఒకరోజు తిండి మానేశాడు, మూలకి వెళ్లి పడుకున్నాడు, నేను ముక్కు ముట్టుకుని చూస్తే చల్లగా తడిగా ఉంది, సరే బానే ఉన్నాడులే అనుకుని ఒక రోజంతా ఊరుకున్నాను. మర్నాటికి వాంతులు, రక్తంతో విరేచనాలు. పార్వో అన్నారు, కుక్కపిల్లల పేగులకి పట్టే వైరస్ జబ్బు. సెలైన్లు ఎక్కించి ఎలాగోలా బతికించుకున్నాం కానీ ఆ ఒక్క రోజు ఎందుకు పోగొట్టానా అని నాకు ఇప్పటికీ బాధే తల్లీ. అందుకే చెప్తున్నా, ముక్కు పొడిగా ఉంటే జబ్బు అనీ తడిగా ఉంటే ఆరోగ్యం అనీ ఎవరన్నా నమ్మకు, పిల్ల మొత్తాన్ని చూడు. తింటున్నాడా, నీ అడుగు చప్పుడుకి తోక ఊపుకుంటూ వస్తున్నాడా, ఒంటేలు మామూలుగా పోస్తున్నాడా.

పెదవి కొంచెం పైకెత్తి చిగురు మీద వేలు పెట్టు, తడిగా జారిపోవాలి. వేలికి బంకలా అంటుకుంటే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. జ్వరం మాత్రం చేత్తో తెలీదు, వాళ్ల ఒళ్లు మనకంటే వేడిగానే ఉంటుంది, 101 నుంచి 102.5 వరకు వాళ్లకి మామూలే. డిజిటల్ థర్మామీటర్ ఒకటి వాడికోసమే కొనుక్కో, కొసకి నూనె రాసి మలద్వారంలో కొంచెమే పెట్టి చూడాలి, మొదటిసారి డాక్టర్‌ని అడిగి చేయించుకుని నేర్చుకో. 103 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేసెయ్. మన జ్వరం మాత్రలు మాత్రం చచ్చినా వెయ్యకు, పారాసెటమాల్ వాళ్లకి విషం.

క్రీమ్ రాయనా అన్నావ్ కదా, నీ సన్‌స్క్రీన్ గానీ ఫేస్ క్రీమ్ గానీ వద్దు. ఏది రాసినా నిమిషంలో నాకి మింగేస్తాడు, కొన్నిట్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, అది కడుపులోకి పోకూడదు. టీ ట్రీ ఆయిల్ కూడా వద్దు. మరీ గరుకుగా ఉంటే స్వచ్ఛమైన కొబ్బరి నూనె వేలికొసకి తడి అంటినంత తీసుకుని, వాడు గాఢ నిద్రలో ఉన్నప్పుడు ముక్కు పైన మాత్రమే అద్దు, రంధ్రాల్లోకి పోనివ్వకు. నీళ్ల గిన్నె ప్లాస్టిక్‌దైతే మార్చేసి స్టీల్‌ది పెట్టు, కొన్ని పిల్లలకి ప్లాస్టిక్ పడక ముక్కు దగ్గర మంట పుట్టుద్ది.

ఇవి కనిపిస్తే మాత్రం నన్ను కూడా అడగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లిపో: ముక్కు పగిలి రక్తం రావడం, పక్కు కట్టడం, నలుపు పోయి తెల్లబడటం, పసుపుపచ్చ చీమిడి, కళ్లలో పుసులు, దగ్గు. డిస్టెంపర్ అని కుక్కలకొచ్చే వైరస్ జబ్బు ఇలాగే మొదలవుద్ది, ఆ జబ్బులో ముక్కూ పాదాల మెత్తలూ గట్టిపడిపోతాయి కూడా. వాడికి రెండున్నర నెలలేగా, టీకాలు ఒక్కటి కూడా తప్పనివ్వకు, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి పడాలి, అప్పటిదాకా బయటి కుక్కల దగ్గరికి తీసుకెళ్లకు.

నువ్వు చిన్నప్పుడు నీకు ఒళ్లు వెచ్చబడితే నేనూ ఇలాగే గంటకోసారి లేచి చూసేదాన్ని, అందుకే నీ భయం నాకు అర్థమైంది. రేపు పొద్దున వాడు లేచి కాసేపు ఆడుకున్నాక ముక్కు ముట్టుకుని చూసి వీడియో కాల్ చెయ్, చిగుళ్లు కూడా చూపించు, నేను ఫోన్ పక్కనే పెట్టుకుంటా.

అమ్మ