వాట్లు చూసి బేస్ యాంప్ కొనొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కావలి. ఇరవై ఏళ్లుగా చర్చిలో బేస్ గిటార్ వాయిస్తన్నా, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రా వాళ్లతో నెల్లూరు, సింగరాయకొండ, ఒంగోలు తిరుగుతుంటా. క్రిస్మస్ ముందు మా చుట్టుపక్కల చర్చిల్లో కుర్రోళ్లు తలా ఇంత వేసుకుని బేస్ యాంప్ (గిటార్ సౌండ్ పెంచే మెషిన్), స్పీకర్ బాక్స్ కొంటుంటారు. మొన్న ఒక ఊరి పిల్లలు 22 వేలు పోసి కొన్న సెట్టు నాకు చూపించారు, అది చూశాక మనసుకి కష్టమేసి ఈ ఉత్తరం రాస్తన్నా.

ఆ బాక్స్ మీద పెద్దక్షరాలతో 1200 వాట్స్ పీఎంపీఓ అని స్టిక్కర్ ఉంది. జాలీ విప్పి చూస్తే స్పీకర్ మేగ్నెట్ నా అరచేతిలో పట్టేంత ఉంది. లావు తీగ మీటితే స్వరం లేదు, చిరిగిన చాటని కొట్టినట్టు పటపటమని చప్పుడు. పీఎంపీఓ అనేది అమ్ముకోడానికి రాసే అంకె, దాన్ని అసలు పట్టించుకోవద్దు, మనకి కావాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవరు. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి 41 ఊపులు) దగ్గర పలుకుద్ది, మామూలు గిటార్ లావు తీగ 82 దగ్గర. అంత కింద స్వరం గట్టిగా రావాలంటే కోన్, అంటే స్పీకర్ ముందు ఊగే గిన్నె లాంటి భాగం, చాలా గాలి తొయ్యాలి, అందుకే గిటార్‌కి 30 వాట్లు సరిపోయిన చోట బేస్‌కి వంద కూడా చాలదు, పక్కన డ్రమ్స్ ఉంటే 200, 300 ఆర్‌ఎంఎస్ చూసుకోవాల్సిందే.

ఇంకోటి, నాకు కూడా చాలా లేటుగా తెలిసింది. వాట్లు రెట్టింపు చేస్తే సౌండ్ రెట్టింపు అవ్వదు, పెరిగేది 3 డెసిబెల్స్ (సౌండ్ కొలత) మాత్రమే, చెవికి కొంచెం తేడా తెలుస్తాది అంతే. స్పీకర్ కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటది, ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాదో అది చెప్పుద్ది. 97 ఉన్న స్పీకర్‌కి 100 వాట్లు ఇచ్చినా, 94 ఉన్నదానికి 200 ఇచ్చినా ఒకటే. కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు హెడ్ (బాక్స్ లేకుండా విడిగా ఉండే యాంప్) చిన్నదైనా పర్లేదు, బాక్స్ మంచిది తీసుకోండి అని నా మాట. ఒక 12 అంగుళాలది గానీ రెండు 10 అంగుళాలవి గానీ మన చర్చిలకి, చిన్న ఫంక్షన్లకి చాలు. పెద్ద మైదానంలో అయితే యాంప్ వెనకున్న డీఐ అవుట్ (మిక్సర్‌కి నేరుగా లైన్ ఇచ్చే సాకెట్) నుంచి మైక్ సెట్ వాళ్ల మిక్సర్‌కి లైన్ ఇవ్వండి, జనానికి వాళ్లే వినిపిస్తారు, మన బాక్స్ మనం వినడానికే. ఈ డీఐ లేని యాంప్ ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి.

ఓమ్స్ సంగతి తెలియక నేనే దెబ్బతిన్నా. ఓమ్స్ అంటే బాక్స్ కరెంటుని ఎంత అడ్డుకుంటదో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ హెడ్ మీద భారం పెరుగుద్ది. డిసెంబర్ 24 రాత్రి ఆరాధనకి, ఉన్న 4 ఓమ్స్ బాక్స్‌కి తోడు ఇంకో 4 ఓమ్స్ బాక్స్ తగిలించా, కొన్న షాపాయనే చెప్పాడు సౌండ్ డబల్ అవుద్ది తగిలించుకోమని. రెండూ కలిస్తే 2 ఓమ్స్ అయింది, నా హెడ్ 4 కన్నా తక్కువకి తట్టుకోదు. అరగంటలో వెనక చెయ్యి పెడితే కాలిన పెనం లాగా ఉంది, తర్వాత ఘాటుగా కాలిన వాసన, నడిమధ్యలో పాట ఆగకపోయినా బేస్ ఆగిపోయింది. పాస్టరు గారు ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 8 ఓమ్స్ బాక్సులు రెండు అయితే 4 అవుద్ది, ఆ హెడ్ హాయిగా నడిచేది. మొదటి బాక్సే 8 ఓమ్స్ కొనుక్కుంటే రేపు ఇంకోటి చేర్చుకోవచ్చు. అట్టాగే హెడ్‌కీ బాక్స్‌కీ మధ్య గిటార్ కేబుల్ వాడొద్దు, స్పీకర్ కేబుల్ వేరే, లోపల తీగ లావుగా ఉంటది.

కొత్తది కొనలేకపోతే సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు, నాదీ అదే. కాకపోతే చూసి కొనాలి. కోన్ మీద రెండు చేతుల వేళ్లూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, గరగరమని రాసుకుంటే కాయిల్ పోయిందని అర్థం. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్ స్పీకర్ 6 చిల్లర చూపిస్తాది, కంగారు పడొద్దు, అది మామూలే. రెండు బాక్సులు పెట్టినా బేస్ పల్చగా ఉంటే ఒకదాని వైర్లు తిరగేసి ఉండొచ్చు. టార్చి సెల్లు ఒకటి తీసుకుని స్పీకర్ ప్లస్‌కి సెల్లు ప్లస్, మైనస్‌కి మైనస్ ఆనిస్తే కోన్ బయటికి రావాలి, లోపలికి పోతే తిరగబడినట్టే.

మా ఊళ్లల్లో షాపుల్లో బేస్ యాంప్ పెట్టి వినిపించే వాళ్లు తక్కువ, అట్టపెట్టె కూడా విప్పనివ్వరు, అందుకే చాలామంది రైలెక్కి మద్రాసు పోయి కొనుక్కొస్తన్నారు, రిపేరొస్తే మళ్లీ మద్రాసే. నెల్లూరు, ఒంగోలు షాపుల వాళ్లని నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మా గిటార్ మేమే తెచ్చుకుంటాం, పది నిమిషాలు వాయించి చూసుకోనివ్వండి, బిల్లు మీద ఆర్‌ఎంఎస్ వాట్లు, ఓమ్స్ రాసివ్వండి. మీ జిల్లా పేజీలో ఈ ఉత్తరం క్రిస్మస్ లోపే వేస్తే ఇంకా కొనని పిల్లలకి అందుద్ది సార్.

ఇట్లు,
ఒక బేస్ గిటారిస్టు, కావలి