మళ్లీ చెప్పు వేసుకున్నాను, మీ వల్లే

19 రోజుల తర్వాత ఇవాళ ఎడమ కాలికి చెప్పు వేసుకుని గుమ్మం దిగాను. థాంక్స్ చెప్పాల్సినవాళ్లకి ఇవాళే చెప్పేయాలి.

గాయమైన ముందురోజు పెద్ద వాన పడింది. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో మోకాలి లోతు నీళ్లలో నడుస్తుంటే ఆల్చిప్ప అంచు అరికాలిని కోసింది. ఉప్పునీళ్లకి గాయం అదే మానుతుందిలే అనుకుని ఇంకో గంట అక్కడే ఉన్నాను. తెల్లారేసరికి కాలు వాచింది. ఇంట్లో పాత గొంతునొప్పి నాటి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ సగం స్ట్రిప్ ఉంటే వేసుకున్నాను. (అప్పుడు రెండో రోజుకే తగ్గిందని మధ్యలో ఆపేసిన ఘనుణ్ణి నేనే.) మూడో రోజుకి చీము, జ్వరం. ఎరుపు చీలమండ దాటి పైకి పాకుతోంది.

అప్పుడు ఫొటో తీసి పిన్నికి పంపాను. ఆవిడ రిటైరైన నర్సు. అన్నం తింటూ చూసి, వెంటనే ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "సముద్రం నీళ్లు తగిలాయా?" తగిలాయన్నాను. "అయితే ఇప్పుడే ఆస్పత్రికి పో. డాక్టర్ అడిగేదాకా ఆగకుండా ఆ ముక్క నువ్వే చెప్పు" అంది. ఆవిడ భయపడింది విబ్రియో వల్నిఫికస్ గురించట. వెచ్చటి నీళ్లలో, ముఖ్యంగా ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట ఉండే బాక్టీరియా అది. గాయంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ఆ రాత్రి నాకా సంగతి చెప్పలేదు, మంచి పని చేసింది.

డ్యూటీ డాక్టర్ గారు సముద్రం మాట వినగానే విబ్రియోకి కూడా సరిపోయే మందులు మొదలుపెట్టారు. అయితే ఇంజెక్షన్ ఇచ్చే ముందే చీము తీసి కల్చర్‌కి, అంటే అందులోని బాక్టీరియాని ప్లేటులో పెంచి ఏదో చూసే పరీక్షకి, పంపారు. అదే నన్ను కాపాడింది.

ఎందుకంటే వచ్చింది విబ్రియో కాదు. రెండు రోజులకి వీల్‌చైర్‌లో ల్యాబ్ కిటికీ దాకా వెళ్తే, టెక్నీషియన్ మేడమ్ మూత తీయకుండానే ప్లేటుని లైటుకేసి ఎత్తి చూపించారు. దాని మీద చిన్న చిన్న కాగితం బిళ్లలు, ఒక్కో దాంట్లో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపించాలి. నేను వాడిన సెఫిక్సిమ్ ఉన్న కాగితం బిళ్లనైతే ఆనుకుని మరీ బాక్టీరియా పెరిగింది. ఇంకో బిళ్ల దగ్గర మాత్రం, క్లావులానిక్ ఆసిడ్ ఉన్న పక్క బిళ్ల వైపుకి ఖాళీ సాగి, తాళం కన్నంలా కనిపించింది. "ఈ ఆకారం ఉంటే ఈఎస్‌బీఎల్" అన్నారు. అంటే మందునే విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసే రకం. క్లావులానిక్ ఆసిడ్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది కాబట్టే ఖాళీ అటు సాగింది. సూక్ష్మజీవి మాత్రం మామూలు ఇ.కోలై, మన పేగుల్లో ఉండేదే. మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ మాత్రం పెద్ద వలయం ఉంది. ఆ సాయంత్రమే ఆ మందుకి మార్చారు.

ఇది సముద్రంలోకి ఎలా వస్తుందని అడిగాను. పని మధ్యలో కూడా ఓపిగ్గా చెప్పారు. మనం వేసుకున్న యాంటీబయాటిక్స్‌లో కొంత, వాటికి అలవాటుపడిన బాక్టీరియా, రెండూ మురుగులోకే పోతాయి. శుద్ధి చేసినా పూర్తిగా పోవు. పెద్ద వానకైతే మురుగు శుద్ధి కాకుండానే పొంగి సముద్రంలో కలవచ్చు. పైగా మందుకి లొంగకుండా చేసే ఈ నిరోధక జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద ఉంటాయి. వాటిని ఒక బాక్టీరియా పక్కదానికి, వేరే జాతిదైనా సరే, ఇవ్వగలదు. "తనది తన దగ్గరే ఉంచుకుని జిరాక్స్ ఇస్తుంది" అన్నారు.

"నీకు సముద్రంలోనే అంటిందని ఒట్టేసి చెప్పలేను, ముందే నీ పేగుల్లో ఉందేమో" అని కూడా అన్నారావిడ. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఇంటికొచ్చాక చదివితే, బ్రిటన్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన అధ్యయనం కనిపించింది. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని ఇ.కోలై సర్ఫింగ్ చేసేవాళ్లలో సుమారు 9 శాతం మందిలో, చేయనివాళ్లలో 3 శాతం మందిలో ఉందట.

డాక్టర్ గారూ, మేడమ్, రోజూ డ్రెస్సింగ్ చేస్తూ నా కేకలు భరించిన సిస్టర్లూ, అందరికీ దండాలు. పిన్నీ, గురువారం కట్టు పూర్తిగా తీసేస్తారు. ఫొటో పంపిస్తాను, ఈసారి భోజనం టైమ్‌లో కాదులే.