పేరంటాలపల్లి వాగు దగ్గర నా కాలు ఒడిలో పెట్టుకున్న అమ్మకు

గడచిన ఆదివారం పాపికొండల్లో నాకు జరిగిన ప్రమాదం గురించి అడుగుతున్న అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కుడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని, ఆరు వారాలు కట్టుతో ఉండాలని వైద్యులు చెప్పారు.

శనివారం రాత్రి ఇసుకతిన్నె మీద గుడారాల్లో బస చేసి, ఉదయం మంచు విడిచాక పేరంటాలపల్లి శివాలయం పక్కనున్న వాగు వెంట కొండలోకి నడక మొదలుపెట్టాము. ధవళేశ్వరం దగ్గర ఆనకట్టను నాలుగు భాగాలుగా కట్టవలసి వచ్చినంత వెడల్పైన గోదావరినే పుట్టిన నాటి నుంచి ఎరిగిన కోనసీమ మనిషిని నేను. ఆ నదే కొండల నడుమ అంతగా ఒదిగి, చప్పుడు లేకుండా సాగిపోతుంటే, వెనుదిరిగి చూస్తూనే పాచిపట్టిన బండ మీద అడుగు వేశాను.

మావారు ఫోన్ సిగ్నల్ కోసం ఒకవైపు, మా అబ్బాయి పడవ కోసం మరొకవైపు పరుగెత్తారు. అప్పుడు కట్టెలమోపుతో దిగివస్తున్న ఒక కొండరెడ్ల అమ్మ, నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది, మోపు పక్కన పడేసి, ఏమీ అడగకుండా నా కాలు తన ఒడిలోకి తీసుకుంది. వెదురు చీల్చి రెండు బద్దలు పెట్టి, తలగుడ్డ విప్పి కట్టింది. తన కోసం తెచ్చుకున్న చోడంబలి అడ్డాకు దొప్పలో పోసి తాగించింది. దాదాపు రెండు గంటలు అలాగే కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, కాస్త సర్దుకోమంటే, "కదిలితే నీకు నొప్పమ్మా" అంది. నన్ను పడవలో పడుకోబెట్టాక, బురదలో ఉండిపోయిన నా చెప్పు వెతికి తెచ్చి, గోదావరిలో కడిగి, కొంగుతో తుడిచి నా పక్కన పెట్టింది. అంతసేపూ ఏడవని నేను ఆ చెప్పు చూసి ఏడ్చాను. ఆవిడ పేరు అడగాలన్న స్పృహ కూడా లేకపోయింది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి జరిగిన ఘోరం తరువాత పడవ ఎక్కేవారి పేర్లు రాసుకుని, లైఫ్ జాకెట్లు వేయిస్తున్నారు, అది అవసరమే. కానీ ఇంతమంది దిగి నడిచే ఆ ఒడ్డున ఒక్క స్ట్రెచర్ లేదు. తన కోడలిని పురిటి నొప్పులతో డోలీలో రేవుకు మోసుకొచ్చి, పడవ కోసం పొద్దువాలేదాకా కూర్చున్నామని ఆ అమ్మ చెప్పింది. మేము మొదట చేరిన ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఉంది, ఆదివారం కనుక తీసే మనిషి లేడు. నాకు ఒక్కరోజు జరిగినది వారికి ఏడాది పొడవునా జరుగుతున్నదే కదా, దీనికి ఎవరు జవాబు చెబుతారు?

దుప్పటితో డోలీ కట్టి మోసిన భీమవరం కుర్రవాళ్లకు, ప్రయాణికులను ఒప్పించి పడవను ముందుగా తిప్పిన సరంగు గారికి కృతజ్ఞతలు. అన్నట్టు, రాజమహేంద్రవరంలో రాత్రి తన శాలువా కప్పిన నర్సమ్మను, మా ఆవుకు మేత వేసి పాలు పితికిన పక్కింటి వదినను మరిచేపోయాను, మన్నించాలి.

పడవ కదిలేముందు ఆ అమ్మ సరంగుతో, "ఈయమ్మ కాలు ఎలాగుందో మళ్లీ వచ్చినప్పుడు చెప్పు" అంది. ఆవిడ దగ్గర ఫోన్ లేదు. ఈ వారంలో ఎవరైనా పేరంటాలపల్లి వెళితే, వాగు దారిలో కట్టెలు తెచ్చే పెద్దావిడను అడిగి, అమలాపురం టీచరమ్మ కాలు నిలిచిందని చెప్పండి. ఆవిడ పేరేమిటో కనుక్కుని నాకు చెప్పండి.