విండోస్ 11కి మార్చాక మూలబడ్డ వర్చువల్ మెషీన్లు: మాకు కావాల్సింది ర్యామ్ కొటేషన్ కాదు

సర్వీస్ మేనేజర్ గారికి,
వార్షిక నిర్వహణ విభాగం, తిరుపతి శాఖ.

విషయం: ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ తర్వాత నెట్‌వర్కింగ్ ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్లు పనిచేయకపోవడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

కరకంబాడి రోడ్డులోని మా కళాశాల ల్యాబ్‌లో ఉన్న 30 సిస్టమ్‌లను ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద మీ ఇంజినీర్లు విండోస్ 10 నుంచి విండోస్ 11 ఎడ్యుకేషన్ ఎడిషన్‌కు మార్చారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది కాబట్టి మార్చడంపై మాకు పేచీ లేదు. మార్చిన తీరుపైనే మా అభ్యంతరం. డెస్క్‌టాప్ కనిపించగానే పని పూర్తయిందని సంతకం పెట్టించుకున్నారు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ తెరిచి ఒక్క వర్చువల్ మెషీన్‌నైనా (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) ఆన్ చేసి చూడలేదు. ఈ ల్యాబ్ ఉన్నదే వాటికోసం.

ఇప్పుడు నెట్‌వర్క్ ప్రయోగాలకు వాడే జీఎన్‌ఎస్3 వీఎంను ఆన్ చేస్తే 'వర్చువలైజ్డ్ ఇంటెల్ వీటీ-ఎక్స్/ఈపీటీ ఈ ప్లాట్‌ఫామ్‌పై సపోర్ట్ కాదు' అని వస్తోంది. వీటీ-ఎక్స్ అంటే వీఎంలను వేగంగా నడపడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే సదుపాయం. తిరిగి వచ్చిన మీ ఇంజినీర్ వీఎం ప్రాసెసర్ సెట్టింగ్‌లో వీటీ-ఎక్స్ టిక్కు తీసేశారు. వీఎం లేచింది, ఆయన వెళ్లిపోయారు. అదే వీఎం తెర మీద 'కేవీఎం సపోర్ట్ అవైలబుల్: ఫాల్స్' అని రాసి ఉంది, దాన్ని చదవలేదు. కేవీఎం (ప్రాసెసర్‌లోని ఆ సదుపాయాన్ని వాడుకునే లినక్స్ భాగం) లేకపోతే లోపలి రౌటర్ ఇమేజ్‌ల ప్రతి ఆదేశాన్నీ క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లోనే అనువదించుకుంటూ పోవాలి. మూడు రౌటర్ల టోపాలజీ పెడితే ప్రాంప్ట్ వచ్చేలోపే ప్రాక్టికల్ పీరియడ్ గడిచిపోతోంది. వీఎంలను నడిపే మరో సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్ వాడే సిస్టమ్‌లలోనూ ఇదే వరస: కింది స్టేటస్ బార్‌లో మామూలు గుర్తు పోయి ఆకుపచ్చ తాబేలు బొమ్మ కూర్చుంది. హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ తన చేతికి నేరుగా అందడం లేదని వర్చువల్‌బాక్స్ చెప్పే తీరు అది.

దీనికి మీ నుంచి వచ్చిన జవాబు ఒక్కో సిస్టమ్‌కు 16 జీబీ ర్యామ్ అదనంగా వేయించుకోమని కొటేషన్. రోగం ఒకటి, మందు ఇంకొకటి. ఇవే సిస్టమ్‌లు ఇదే 16 జీబీతో, ఇవే వీఎంలను విండోస్ 10లో నడిపాయి. ర్యామ్ 64 జీబీ చేసినా తాబేలు పోదు.

అసలు కారణం వేరు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే చివరి వరుసలో 'ఎ హైపర్‌వైజర్ హాజ్ బీన్ డిటెక్టెడ్' అని కనిపిస్తోంది. హైపర్‌వైజర్ అంటే వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ పొర. 'వర్చువలైజేషన్ బేస్డ్ సెక్యూరిటీ' ఎదురుగా 'రన్నింగ్' అని, నడుస్తున్న సర్వీసుల్లో క్రెడెన్షియల్ గార్డ్ (లాగిన్ రహస్యాలను కాపాడే విండోస్ రక్షణ) అని ఉన్నాయి. విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో అర్హత ఉన్న హార్డ్‌వేర్‌పై క్రెడెన్షియల్ గార్డ్ దానంతటదే ఆన్ అవుతుంది. అది ఆన్ అయితే మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్ విండోస్ కంటే ముందే లేచి ప్రాసెసర్‌లోని వీటీ-ఎక్స్‌ను తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. అప్పుడు వీఎంవేర్, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా పనిచేయాల్సిందే. మామూలు వీఎం అలాగైనా నడుస్తుంది. వీఎంలో మరో వీఎం నడవాల్సిన మా ల్యాబ్‌కు మాత్రం అది చాలదు.

కంట్రోల్ ప్యానెల్లో హైపర్-వీ (విండోస్ సొంత వీఎం ఫీచర్) టిక్కు లేదు కాబట్టి హైపర్‌వైజర్ లేదని మీ ఇంజినీర్ వాదించారు. ఆ టిక్కుతో పని లేకుండానే క్రెడెన్షియల్ గార్డ్ గానీ, మెమరీ ఇంటెగ్రిటీ అనే మరో రక్షణ గానీ హైపర్‌వైజర్‌ను లేపుతాయి.

చేయాల్సిన పని ఇది. విండోస్ ఫీచర్లలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, విండోస్ శాండ్‌బాక్స్ టిక్కులు తీయాలి. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్‌లోకి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేయాలి. గ్రూప్ పాలసీలో సిస్టమ్ కింద డివైస్ గార్డ్‌లో 'టర్న్ ఆన్ వర్చువలైజేషన్ బేస్డ్ సెక్యూరిటీ'ని డిసేబుల్డ్ చేయాలి. ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ను ఆఫ్‌కు మార్చాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నచోట షట్‌డౌన్ పాత కెర్నెల్‌నే దాచిపెట్టి మళ్లీ తెస్తుంది, కాబట్టి రీస్టార్టే నొక్కాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో 'నాట్ ఎనేబుల్డ్' అని చూశాకే వీఎంలో వీటీ-ఎక్స్ టిక్కు తిరిగి పెట్టాలి. ముందు పెడితే మళ్లీ అదే ఎర్రర్.

ఈ మార్పు రక్షణను కొంత తగ్గిస్తుంది, ఆ సంగతి మాకు తెలుసు. అందుకే ల్యాబ్ సిస్టమ్‌లకే చేయండి, ఆఫీసులో ఫీజుల లెక్కలు చూసే సిస్టమ్‌ల జోలికి వెళ్లొద్దు. డాకర్ క్లాసులు జరిగే వెనక వరుసలో డబ్ల్యూఎస్‌ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఫీచర్) కావాలి, దానికి హైపర్‌వైజర్ ఉండాలి. అక్కడ ఫీచర్ల టిక్కులు తీయకుండా, బీసీడీఎడిట్ కాపీతో రెండో బూట్ ఎంట్రీ చేసి, హైపర్‌వైజర్‌ను ఆ ఎంట్రీలో మాత్రమే ఆఫ్ చేస్తే రెండు క్లాసులూ జరుగుతాయి.

ఇవికాక ఇంకొన్ని ఉన్నాయి. విండోస్ 11 అడిగే భద్రతా భాగం టీపీఎం కోసం బయోస్ అప్‌డేట్ చేసిన కొన్ని సిస్టమ్‌లలో సెట్టింగులు డిఫాల్ట్‌కు పోయి ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీయే ఆఫ్ అయింది. టాస్క్ మేనేజర్లో సీపీయూ పేజీలో 'వర్చువలైజేషన్: డిసేబుల్డ్' అని ఉన్నవాటిని బయోస్‌లోనే సరిచేయాలి. బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉన్నచోట ముందు సస్పెండ్ చేయండి, లేకపోతే రికవరీ కీ అడిగి కూర్చుంటుంది.

వీఎంవేర్ వర్చువల్ నెట్‌వర్క్ అడాప్టర్ వీఎంనెట్8 కనిపించని సిస్టమ్‌లలో మీవాళ్లు వర్చువల్ నెట్‌వర్క్ ఎడిటర్‌లో 'రీస్టోర్ డిఫాల్ట్స్' నొక్కారు. అడాప్టర్లు వచ్చాయి గానీ సబ్‌నెట్‌లు సిస్టమ్‌కొకటిగా మారిపోయి, రికార్డులో రాయించిన ఐపీ అడ్రస్‌లేవీ సరిపోవడం లేదు. పాత సబ్‌నెట్ 192.168.80.0. అన్నింటిలో చేత్తో అదే పెట్టాలి.

అన్నిటికంటే బాధాకరమైనది సస్పెండ్ చేసి ఉన్న వీఎంల సంగతి. అప్‌గ్రేడ్‌కు ముందు ప్రతి వీఎంను లోపలి నుంచి పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఓవీఏగా (ఒకే ఫైల్‌గా) ఎక్స్‌పోర్ట్ చేస్తే స్నాప్‌షాట్‌లు (మధ్యలో దాచుకున్న వీఎం స్థితులు) రావు, ఫోల్డరే కావాలి. షట్‌డౌన్, కాపీ రెండూ చేయలేదు. ప్రాసెసర్ ఫీచర్లు మారాయంటూ ఆ వీఎంలు రెజ్యూమ్ కావడం లేదు. సేవ్ అయిన స్థితిని వదులుకుంటే డిస్క్ మిగులుతుంది, మెమరీలో ఉన్న పని పోతుంది.

పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారీ మూసేశారు. సాధారణంగా 10 రోజుల గడువు ఉంటుంది, డిఐఎస్‌ఎం కమాండ్‌తో దాన్ని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. మీ ఇంజినీర్ అదే రోజు డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఉండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తుడిచేశారు. జాగా కోసమట! సీ డ్రైవ్‌లో సగం ఖాళీయే.

కాబట్టి ర్యామ్ కొటేషన్‌ను రాతపూర్వకంగా ఉపసంహరించుకోండి. పై పనులు తెలిసిన ఇంజినీర్‌ను పంపి, అదనపు చార్జీ లేకుండా ఏఎంసీలోనే 30 సిస్టమ్‌లనూ సరిచేయించండి. ఒక్కో సిస్టమ్‌లో జీఎన్‌ఎస్3 తెర మీద 'కేవీఎం సపోర్ట్ అవైలబుల్: ట్రూ' అని మా సమక్షంలో చూపించాకే సర్వీస్ రిపోర్టుపై సంతకం చేస్తాం. ఈ లేఖ అందిన వారం రోజుల్లో పని మొదలుకాకపోతే తదుపరి త్రైమాసిక బిల్లు నిలిపివేసి, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం. ఎర్రర్ తెరల ఫొటోలు, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ కాపీలు జతచేశాం.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జులు,
కంప్యూటర్ సైన్స్ విభాగం, తిరుపతి.