వాకర్స్ సంఘం వార్షిక నివేదిక: ఎండుటాకుల్లో దాక్కున్న సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు విడిగా జత చేశాం. బెంచీల రంగులు, పంపు మరమ్మతు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈసారి నివేదికలో సీతాకోకచిలుక సంగతి రాయాలని చాలామంది అడిగారు. పంపు గురించి రాయడానికి మాత్రం ఏముంది?

కంబాలకొండ కింద మన పార్కులో పొద్దుగూకే వేళ కాళ్ల దగ్గర్నుంచి లేచి, నాలుగడుగుల అవతల వాలి మాయమైపోయే గోధుమరంగు సీతాకోక అందరికీ తెలిసిందే. ఇంగ్లీషు పేరు కామన్ ఈవెనింగ్ బ్రౌన్, శాస్త్రీయ నామం మెలనైటిస్ లెడా. 1758లోనే లిన్నేయస్ దీన్ని వర్ణించాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా కనిపిస్తుంది. పగలంతా చెట్ల నీడన, రాలిన ఆకుల మధ్య రెక్కలు మూసుకుని ఉంటుంది. మసక వెలుతురులో చూడగల కళ్లు దానివి. మన వాకింగ్ టైమే దాని టైమూ.

వానాకాలంలో తీసిన ఫొటోల్లో రెక్కల అడుగున సన్నని గీతలు, వాటి మీద వరసగా కంటి బొమ్మల్లాంటి చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. జనవరిలో దొరికినదానికి ఆ కళ్లే లేవు. అచ్చం ఎండుటాకు, రెక్క కొస కూడా కొంచెం కొక్కెంలా వంగి ఉంది. ఇవి రెండు రకాలని కొందరు, ఒకటేనని కొందరు. రిజిస్టర్‌లో రెండు వరసలు గీసి, టిఫిన్ పందెం కూడా కాశారు.

తీరా చూస్తే రెండూ ఒకటే. గొంగళిపురుగుగా ఉన్నప్పటి వాతావరణం, ముఖ్యంగా వేడి, ఏ రూపం రావాలో తేలుస్తుంది. వెచ్చగా, తేమగా ఉన్న రోజుల్లో పెరిగితే కళ్లొస్తాయి, చలి తగిలితే రావు. పిట్టో బల్లో ఆ కంటి బొమ్మను పొడిస్తే రెక్క అంచు చిరుగుతుంది కానీ ప్రాణం దక్కుతుంది. వానలు లేని నెలల రూపానికి ఆ వేషం పనికిరాదు. పచ్చగడ్డి లేనప్పుడు గుడ్లు పెట్టి లాభం లేదు కనుక వానల దాకా ఆగాలి, అన్నాళ్లూ ఎవరి కంటా పడకూడదు. అందుకే ఎండుటాకు వేషం. ఆ వేషంలోనూ ఒకదానిలా ఇంకొకటి ఉండదు, ఆకులు ఉండనట్టే.

లైటుకి వచ్చి వరండాలో వాలినదాన్ని చూసి మా మనవరాలు కాళ్లు లెక్కపెట్టింది. "తాతయ్యా, నాలుగే!" అంది. నిజమే. ముందు జత చిన్నదై రొమ్ముకి అంటుకుపోయి ఉంటుంది, నడకకి పనికిరాదు.

పంపు పక్క గడ్డిలో దొరికిన పచ్చటి పురుగు దీని గొంగళిపురుగేనని వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన సభ్యుడొకరు చూడగానే గుర్తుపట్టారు. తల మీద రెండు ఎర్రటి కొమ్ములు, వెనక చీలిన తోక. వరి చేలలోనూ ఉంటుందిట, మందు కొట్టేంత నష్టం మాత్రం చేయదట.

మేలో పండిపోయిన మామిడిపళ్లు పళ్లెంలో పెడితే వచ్చాయి. పూలకన్నా కుళ్లిన పండూ, చెట్టు కారే రసమూ దీనికి ఇష్టం. కల్లుకి కూడా వస్తుంది. ఆ ప్రయోగం సంఘం ఖర్చుతో చేయడానికి కమిటీ ఒప్పుకోలేదు.

ఫిబ్రవరిలో ఊడ్చి పోగేసిన ఆకులకు నిప్పు పెట్టబోతుంటే ఆ కుప్పలోంచి ఒక 'ఆకు' లేచి ఎగిరింది. అప్పట్నుంచి వెనక గోడ వెంట ఊడ్చవద్దని తీర్మానించాం. పాముల భయం ఉందని ఇద్దరు అభ్యంతరం రాశారు, అదీ సబబే. అందుకే నడకదారికి రెండు పక్కలా శుభ్రం చేయిస్తున్నాం. చీకటి పడ్డాక టార్చి తప్పనిసరి.

రిజిస్టర్‌లో రెండు వరసలనూ కలిపేశాం. పందెం ఓడినవాళ్లు టిఫిన్ బాకీ ఇంకా తీర్చలేదు. వాళ్లలో కార్యదర్శి కూడా ఉన్నాడు.