హింస శాతాలతో పాటు ప్రశ్నలనూ ప్రచురించండి

సంపాదకులకు,

జీవిత భాగస్వాముల మధ్య హింసపై సర్వేలు వెలువడినప్పుడల్లా పత్రికలు ఒక శాతాన్ని శీర్షికలో పెడుతున్నాయి గానీ, అది ఏ ప్రశ్నలకు వచ్చిన జవాబుల నుంచి తేలిందో వార్తలో ఎక్కడా కనబడదు. ఇది చిన్న లోపం కాదు.

‘మీరు హింసకు గురయ్యారా?’ అని సూటిగా అడిగితే, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నవారు సైతం లేదనే చెప్పవచ్చు. అది కాపురంలో మామూలేనని నమ్మడమో, బయటకు చెప్పుకోవడానికి సంకోచించడమో అందుకు కారణం. అందుకే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ముర్రే స్ట్రాస్ 1979లో ప్రచురించిన కొలమానం నెట్టడం, చెంపపై కొట్టడం, తన్నడం వంటి చర్యలను విడివిడిగా పేర్కొని, గడచిన ఏడాదిలో ఎన్నిసార్లు జరిగాయని అడిగింది. అది మేలైన మార్గమే. అయినా, తప్పించుకోవడానికి ఒకరు నెట్టినా, లొంగదీసుకోవడానికి మరొకరు నెట్టినా ఆ పట్టికలో రెండూ ఒకటే అవుతాయి. 1996 నాటి సవరణలో గాయాలపై, లైంగిక బలవంతంపై ప్రశ్నలు చేర్చారు. ఎవరు ఎవరికి భయపడి బతుకుతున్నారన్న ప్రశ్నకు మాత్రం చోటు దక్కలేదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగవలసింది అదే.

మానసిక హింస విషయంలో చిక్కు మరింత పెద్దది. కోపంలో ఒకసారి జారిన మాటనూ, పుట్టింటివారితో మాట్లాడనివ్వకుండా, చేతిలో డబ్బు ఉండనివ్వకుండా, ఫోను తనిఖీ చేస్తూ ఏళ్లపాటు సాగించే అదుపునూ ఒకే గాటన కట్టలేము. అమెరికా పరిశోధకుడు రిచర్డ్ టోల్మన్ 1989లో రూపొందించిన 58 అంశాల ప్రశ్నావళి ఆధిపత్యాన్నీ ఏకాకిని చేయడాన్నీ ఒక భాగంగా, మాటలతో, భావోద్వేగాలతో చేసే వేధింపును మరో భాగంగా కొలిచింది. ఇంత కృషి జరిగినా, ఎక్కడి నుంచి మానసిక హింసగా లెక్కించాలన్న దానిపై అంతర్జాతీయ ఏకాభిప్రాయం కుదరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన 27 శాతం, 15–49 ఏళ్ల మధ్య వయసుండి ఎప్పుడైనా భాగస్వామి ఉన్న మహిళల్లో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారిది మాత్రమే. మిగిలిన 73 శాతం మంది క్షేమంగా ఉన్నారని పాఠకులు అనుకుంటే, ఆ తప్పు పాఠకులది కాదు.

జవాబు చెప్పే మనిషి భద్రత కూడా కొలతలో భాగమే. ఇంటికి ఒకరినే, ఏకాంతంలో ప్రశ్నించాలనీ, మధ్యలో ఎవరైనా వస్తే సంభాషణ మార్చాలనీ ఆ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలా చేయని సర్వేలో శాతం తగ్గితే హింస తగ్గిందని రాయడం అన్యాయం.

కాబట్టి ఇటువంటి వార్తల పక్కన ఒక చిన్న బాక్సులో అడిగిన ప్రశ్నలను, లెక్కించినది గడచిన ఏడాదినా జీవితకాలాన్నా అన్నదానిని, మానసిక హింసను కలిపారో లేదో, ఏకాంతంలో అడిగారో లేదో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు