ఆగి విన్నవాళ్లందరికీ మా బడి తరఫున కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా ప్రాథమిక పాఠశాలలో ఈ ఏడాది చదువు అయిపోవచ్చింది. రిపోర్టు కార్డులు ముందేసుకుని కూర్చున్నాక, వాటికంటే ముందు, ఈ ఏడాది మా పిల్లల చదువు వినడానికి, సాయం చేయడానికి బడికి వచ్చిన మీకు నాలుగు ముక్కలు రాయాలనిపించింది. పేర్లు పెట్టొద్దని మీలో చాలామంది గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు. ఎవరి సంగతి వాళ్లకు చదవగానే తెలిసిపోతుంది.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. సాయం చేయమని మిమ్మల్ని అడిగినప్పుడు నా మనసులో ఉన్నవి పుస్తకాలు, వీలైతే ఒకటో రెండో ట్యాబ్‌లు. మనుషుల్ని అడగాలని తట్టనేలేదు. నిజానికి పుస్తకాలకు కరువు లేదు. ఎప్పుడో ఎవరో ఇచ్చినవి రెండు అట్టపెట్టెల నిండా బీరువాలోనే ఉన్నాయి. చిరుగుతాయేమోనని తాళం వేసింది నేనే. ఆ తాళం తీయించింది మీలో ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారు. "చిరిగితే అతికిద్దాం, ముందు బయటికి తియ్యండి మేడమ్" అన్నారు. రెండు రోజులు నేలమీద కూర్చుని మూడు కుప్పలు చేశారు: ఒత్తులు లేని చిన్న మాటలతో నడిచేవి, ఒత్తులున్నా వాక్యాలు పొట్టిగా ఉండేవి, పేజీ నిండా అక్షరాలుండేవి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు అంటించారు. ఏ రంగు తేలికో పిల్లలకు మాత్రం చెప్పొద్దన్నారు. చెప్తే ఆకుపచ్చని ఎవరూ ముట్టరట. నిజమే, నేనైనా ముట్టను.

ఇక ఉదయాల సంగతి. మొదటి పీరియడ్‌కు ముందు ఒక్కో పిల్ల పక్కన ఒక్కో పెద్దమనిషి, పది నిమిషాలు. పిల్ల చదువుతుంది, పెద్దవాళ్లు వింటారు. అంతే పని. కానీ తరగతిలో అందరి చదువూ విడివిడిగా వినడం ఒక్క టీచరు వల్ల అయ్యే పని కాదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు బుర్రంతా ఆ కూడబలుక్కోవడానికే సరిపోతుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండదు. అర్థం కానప్పుడు చదవబుద్ధి కాదు, చదవకపోతే వేగం రాదు. పక్కన ఒక మనిషి కూర్చుంటే తప్ప ఈ ముడి విడదు.

మీకు నేను పెట్టిన నియమం ఒక్కటే: పిల్ల ఆగితే వెంటనే అందించొద్దు. ఇది నా సొంత తెలివి కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా నోరు విప్పారు. ట్రైనింగ్‌లో ఇదంతా చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. క్లాసులో మాత్రం ఎన్నడూ ఆగలేదు. సిలబస్ టెన్షన్ అలాంటిది.

ఒక రోజు మూడో తరగతి పాప "శాస్త్రవేత్త" దగ్గర ఆగిపోయింది. "శాస్..." అని మళ్లీ మొదటికొచ్చింది. పక్కన కూర్చున్న తాతగారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. నేను గుమ్మంలో ఉన్నాను, మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. పాప స కింద త ఒత్తు మీద వేలు పెట్టింది, తర్వాత ర ఒత్తు మీద. "శాస్త... శాస్తర..." ఆ తర్వాత మాట మొత్తం ఒక్కసారిగా పడింది. ఆయన తాపీగా కళ్లజోడు పెట్టుకుని "అంటే ఎవరమ్మా?" అన్నారు. "మన శనివారం అన్న లాంటివాళ్లు తాతా" అంది.

ఆ శనివారం అన్నకు రెండు దండాలు పెట్టాలి. ఇంజనీరింగ్ చదువుకుంటూ వచ్చి, తరగతి వెనక మూలను తయారీ మూలగా మార్చేశాడు. అట్టముక్కలు, టేపు, చిన్న ఎల్‌ఈడీ లైట్లు, బిళ్ల బ్యాటరీలు. (ఆ బ్యాటరీలు మింగితే చాలా ప్రమాదం. అందుకే పని అవగానే లెక్కపెట్టి డబ్బాలో వేసి తాళం పెట్టేవాడు. ఈ తాళానికి నాకు అభ్యంతరం లేదు.) అతని షరతు ఒకటే: ఏదైనా చేస్తే, ఇంకొకరు చూసి చేసుకునేలా కార్డు రాయాలి.

నాలుగో తరగతి పిల్లాడు మొదట రాసింది: "బ్యాటరీ పెట్టండి. లైటు వెలుగుతుంది." రెండో తరగతి వాడు అలాగే పెట్టాడు. వెలగలేదు. "అలా కాదురా" అని వీడు నోరు తెరవబోతే, అన్న తన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. నోటితో చెప్పకూడదు, కార్డే మార్చాలి. నాలుగుసార్లు మార్చాడు. చివరికి ఇలా తేలింది: "లైటుకు రెండు కాళ్లు. పొడుగు కాలు ప్లస్ గుర్తున్న వైపు తగలాలి. వెలగకపోతే భయపడకు, తిప్పి పెట్టు." వ్యాసం రాయమంటే రెండు వాక్యాలకే చెయ్యి నొప్పంటాడు వాడు! ఇన్నోవేషన్ అంటే ఏదో పెద్ద ల్యాబ్ కావాలనుకునేదాన్ని. అలాగని ట్యాబ్‌లు ఎవరైనా ఇస్తే వద్దనను.

చదువు రాదని మొహమాటపడుతూనే వచ్చిన అమ్మకు ప్రత్యేకంగా చెప్పాలి. మీరు తప్పులు పట్టలేరు కాబట్టి పిల్లలకు బెదురు లేదు. పేజీ పేజీకీ "ఆ తర్వాత ఏమైంది?" అని మీరు అడుగుతుంటే కథ చెప్పక తప్పేది కాదు, చెప్పాలంటే అర్థం చేసుకోక తప్పేది కాదు. నేను ఎన్ని ప్రశ్నపత్రాలు తయారుచేసినా అంత పని జరగలేదు.

అరలు బిగించినవాళ్లకు, పుస్తకాలకు అట్టలు వేసినవాళ్లకు, పది నిమిషాలూ ఫోన్ జేబులోంచి తీయనివాళ్లకు కూడా థాంక్స్.

ఇంకా ఆకుపచ్చ చుక్కల దగ్గరే ఉన్న పిల్లలు కొందరున్నారు. సెలవులయ్యాక వాళ్ల పక్కన కుర్చీలు వేసి ఉంచుతాం, వీలైనవాళ్లు రండి. తాతగారూ, మీ కళ్లజోడు గుడ్డ నా బల్ల సొరుగులో ఉంది. వచ్చినప్పుడు అడగండి, పనికొస్తుంది.